గ్లాసు మీద అడ్డంగా చెంచా

మా పక్కింటి ఖాలా పోయిందన్న ఫోను నాకు ఆఫీసుకు వెళ్తూ వికారాబాద్ స్టేషన్లో రైలు దిగుతుండగా వచ్చింది. నాష్తా గిన్నెలు సర్దుతూనే కూలిపోయిందట. అంతకు గంట ముందే తాండూరులో, గోడ మీంచి నన్ను పిలిచింది, ఒక్క గ్లాసు చాయ్ తాగి పొమ్మని. రైలు టైమైంది, వచ్చే శుక్రవారం కూర్చుంటానని చేయి ఊపి పరుగెత్తాను. ప్రతి శుక్రవారం చెప్పే మాటే. అది గుర్తొస్తే ఇప్పటికీ కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరుగుతున్నాను.

ఖాలా చాలా ఏళ్లు సౌదీలో ఒక టర్కీ కుటుంబానికి వంట చేసింది. ఆ ఇంట్లో శుక్రవారం పొద్దున నాష్తాకు కూర్చుంటే రెండు గంటలు లేచేవారు కాదట. తిరిగొచ్చాక ఆమె కూడా అదే రోజు నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి చిన్న చిన్న గిన్నెలు నింపేది. ఆలివ్ కాయలకు బదులు ఉప్పునీళ్లలో ఊరిన వాక్కాయలు. మీగడ, అనంతగిరి తేనె, కీరా ముక్కలు. టమాటా, మిరపకాయలు మగ్గాక కొట్టిపోసిన గుడ్లు. వాళ్ల రొట్టెకు బదులు మన జొన్నరొట్టె. స్టవ్ మీద పెద్ద కెటిల్లో వేడినీళ్లు, దాని నెత్తిన చిన్న కెటిల్లో చిక్కటి డికాక్షన్. ఇంత తతంగం ఎందుకు, ఉప్మా చేసుకుంటే సరిపోదా అని ఒకసారి వాగాను. ఆమె నవ్వలేదు.

"ఆ ఇంట్ల అన్నేండ్లు నిలబడే వడ్డించిన బిడ్డా. ఇప్పుడు కూసోని తింటున్న," అంది.

ఆ తర్వాత నేను నోరెత్తలేదు. కూర్చోనూ లేదు. వాళ్ల పద్ధతిలో గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే నింపుతారు. చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టాలి. ఆమె నేర్పినవాటిలో నాకు వెంటనే వంటబట్టింది ఇదొక్కటే. మొదటి గ్లాసుకే చెంచా పెట్టేసి స్టేషన్‌కు పరుగు. సెలవు రోజున కూడా ఏదో ఒక పని గుర్తొచ్చేది. నీకంటె నీ చెంచాకే తొందర ఎక్కువ అని ఖాలా ఆటపట్టించేది.

చీజ్ చేయడం కూడా నేర్పబోయింది. గేదెపాలు విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టాలి. మా ఊళ్లో బరువంటే నాపరాయే కదా, ఆమె దగ్గర నున్నటి ముక్క ఒకటి ఉండేది. నేను పది నిమిషాలకోసారి దాన్ని ఎత్తి చూసేదాన్ని.

"రాయిని దాని పని చెయ్యనియ్యి," అని నా చేయి గట్టిగా పట్టుకునేది.

ఖాలా పోయిన రోజు మధ్యాహ్నం దాకా తిరుగు రైలు దొరక్క, నేను చేరేసరికి ఆమెను ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయారు. అక్కడా ఆలస్యమే. అందుకే మొన్న శుక్రవారం సెలవు పెట్టి, బంట్వారంలో ఉండే ఖాలా కూతుర్ని మా ఇంటికి నాష్తాకు పిలిచాను. ఖాలా ఊరబెట్టిన ఆఖరి సీసా వాక్కాయలు, ఖాలా రాయి, ఖాలా కెటిళ్లు తెచ్చుకున్నాను. అన్నీ ఆమెవే, తొందర మాత్రం నాది. రాయిని నాలుగుసార్లు ఎత్తి చూశాను. చీజ్ పొడిపొడి అయింది.

ఖాలా కూతురు ఆ పొడిని రొట్టెలో చుట్టుకుని తింటూ, అమ్మీ ముందే చెప్పింది, అక్క రాయి ఎత్తుతనే ఉంటదని, అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె తల వంచుకుని అంది:

"నువ్వు ఉరికినంక అమ్మీ నీ గ్లాసు మీది చెంచా తీసేసేది అక్కా. నేనొచ్చినప్పుడల్ల చూసిన. గ్లాసు నింపి పెట్టేది. రైలు తప్పిపోతే మళ్ల వస్తదేమో అని."

వికారాబాద్ వెళ్లే రైలు కూత వినపడింది. కాళ్లు వాటంతటవే కదిలాయి, చేయి చెంచా మీదికి పోయింది. దాన్ని తీసి మళ్లీ సాసర్లోనే పెట్టాను. ఖాలా కూతురు గ్లాసు నింపింది. తాగాను. మళ్లీ నింపింది. రైలు కూత దూరమై ఆగిపోయింది. కింది కెటిల్లో నీళ్లు అయిపోతే లేచి మళ్లీ పోసి పొయ్యి మీద పెట్టి, వచ్చి కూర్చున్నాను. చెంచా సాసర్లోనే ఉంది.