లైనింగులో చీటీ

ముందు కత్తెర వినిపించేది. వీధి మలుపు తిరగకముందే, బల్ల చెక్క మీద దాని కింది రేకు ఒరుసుకుంటూ పోయే చప్పుడు, ఎవరో నిద్రలో పొడవాటి ఊపిరి తీస్తున్నట్టు. ఆగేది. మళ్లీ సాగేది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళితే ఇస్త్రీ ఆవిరి, తడిసిన ఉన్ని వాసన, వాటి మధ్య మెడలో టేపు వేసుకుని, ముక్కు మీదకి జారిన కళ్లజోడుతో మాస్టారు. ఆ దర్జీ కొట్లో కొలతలు తీసేదీ, బట్ట కత్తిరించేదీ ఆయనే. కుట్టేవాళ్లు ముగ్గురు వెనక గదిలో ఉండేవారు.

ఆయనకి నత్తి. "రండి" అనడానికి కూడా పెదవులు రెండు మూడుసార్లు తడుముకునేవి. కొలతలు చెప్పేటప్పుడు మాత్రం ఛాతీ, భుజం, చెయ్యి ఒక్క గుక్కలో, నీళ్ల మీద గులకరాయి గెంతినట్టు వచ్చేసేవి. పని నేర్చుకునే రోజుల నుంచీ తోటివాళ్లు ఆయన్ని నత్తోడనే పిలిచారు. ఆయన పలికేవారు. గుండీలు కుట్టేవాడు చెవిటోడు, ఇస్త్రీ చేసేవాడు బొల్లోడు. బట్టకి మడతలు పడ్డట్టు అక్కడ మనుషులకి పేర్లు పడ్డాయి.

చీటీలూ అంతే. కొలతలు రాసిన చీటీని గుండుసూదితో బట్టకి గుచ్చుతారు. పైన మనిషి పేరుండాలి. మాస్టారు పేర్లు అడిగేవారు కాదు. అడగాలంటే మాట రావాలి, అది వచ్చేలోపు అవతలివాళ్ల చూపు గోడ మీదకి పోతుంది. అందుకని కంటికి కనిపించిందే రాసేవారు. ఏనుగు. కర్రపుల్ల. మెల్లకన్ను లాయరు. ఆ ఒక్క మాట చూస్తే మనిషి మొత్తం కళ్లకి కడతాడనీ, కత్తెర దానంతటదే వంపు తిరుగుతుందనీ అనేవారు. బట్ట తయారయ్యాక ఇస్త్రీ మనిషి చీటీ పీకి చెత్తబుట్టలో పడేసేవాడు. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా గడప దాటలేదు.

ఆరేళ్లుగా ఆ కొట్టుకి ఒక అమ్మాయి వచ్చేది. ఏదో ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడే వెన్ను పక్కకి ఒరిగి, కుడి భుజం వెనక ఎత్తుగా ఉండేది. ఎక్కడ కుట్టించుకున్నా కోటు ఆ ఎత్తు మీద గుడారంలా లేచేది. మాస్టారు కుడి వెనక ముక్కని ముప్పావు అంగుళం పెంచి, ఎడమవైపు లోపల పల్చగా దూది పరిచి, నడుము దగ్గర అతుకుని కాస్త జరిపేవారు. అద్దం ముందు నిలబడితే రెండు భుజాలూ ఒకే గీత మీదుండేవి. మొదటిసారి వేసుకున్న రోజు ఆ అమ్మాయి అద్దంలోంచి ఆయన్ని చూసి నవ్విందట. ఆ నవ్వు గురించి, అప్పుడప్పుడూ కబుర్లకి వెళ్లే నాకు రెండుసార్లు చెప్పారు.

చలికాలం మొదట్లో ఇస్త్రీ మనిషి జ్వరమొచ్చి రాలేదు. ఆ అమ్మాయి కోటు మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి. వెనక గదిలో హడావుడిగా సూది పీకారు గానీ, చీటీ తీయకుండానే కోటు లోపలి లైనింగు మూసి కుట్టేశారు.

ఆఫీసులో ఆ అమ్మాయి వంగినప్పుడల్లా వీపు దగ్గర కాగితం గరగరలాడింది. "ఉండవే, నేను తీస్తా" అని పక్క బల్ల ఆవిడ చిన్న కత్తెరతో కుట్టు విప్పి, చీటీ బయటికి లాగి, ఏమిటో తెలియక అందరి ముందూ పైకి చదివేసింది. "గూనిపిల్ల. కుడి వెనక ముప్పావు ఎక్కువ."

సాయంత్రానికల్లా ఆ చీటీ ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది. ఫొటో పెట్టింది ఆ చదివినావిడే. మనుషుల్ని ఇలా అవమానించే కొట్లు మనకి అవసరమా అని కింద రాసింది. పాత గిరాకీలు కట్టకట్టుకుని వచ్చారు. కోపంగానే వచ్చారు.

"అది సరేనయ్యా, నాకేం రాశావు?" అని మందుల షాపాయన బల్ల మీద చెయ్యేసి అడిగాడు. లావుపాటి మనిషి.

"గు... గుర్తు లేదండీ."

"ఏనుగే అయ్యుంటుంది, ఇంకేం రాస్తారు!" అంది వెనక నుంచి ఆయన భార్య. కొట్టంతా నవ్వింది. తర్వాత అందరూ నవ్వు సర్దుకుని మళ్లీ కోపం తెచ్చుకున్నారు.

మాస్టారికి వాళ్ల గొడవ చెవికెక్కలేదు. ఆ అమ్మాయి మళ్లీ వస్తుందా రాదా, అదొక్కటే ఆయన బెంగ.

తండ్రి పోయాక కొట్టు చూసుకుంటున్న చిన్న యజమాని బల్ల మీద ఫోను నిలబెట్టాడు. "రెండు ముక్కలు చాలు మాస్టారూ. క్షమించండి, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం. చూసి చదివేయండి."

మాస్టారు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. పోనీ సారీ అనమన్నాడు. అక్కడా ఆగింది. యజమాని పదకొండుసార్లు వీడియో తీసి, విసుగొచ్చి, పదకొండోదే పెట్టేశాడు. కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. పెట్టినవాళ్లలో చీటీని తిట్టినవాళ్లే ఎక్కువ. "పూర్తయ్యేసరికి వేసవి వస్తుందేమో" అని ఒకరు. "బ్యాటరీ మార్చండ్రా ఈయనకి" అని ఇంకొకరు. అది అవమానమని ఎవరికీ తోచలేదు.

"నోరు తిరగని మనిషిని ఫోను ముందు కూర్చోబెట్టడానికి వాడికి మనసెలా ఒప్పింది?" అని మాస్టారి భార్య ఇంట్లో ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఈయన వైపు తిరిగింది. "మీకు మాత్రం ఆ మాట రాయడానికి చెయ్యెలా వచ్చిందండీ? మన పిల్లయితే రాసేవారా?" మాస్టారు కంచం ముందు నుంచి లేచిపోయారు.

వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. అదే కోటు వేసుకుంది, వెనక లైనింగు ఊడి వేలాడుతోంది. యజమాని మేడమ్ మేడమ్ అంటూ కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"మాస్టారూ, ఆ ఫొటో నేను పెట్టలేదు."

ఆయన తలూపారు.

"అందరూ నా వీపు చూస్తారు. మీరు బట్ట చూస్తారనుకున్నాను."

"చూ... చూడకపోతే క... కత్తిరించలేనమ్మా."

"చూడండి, వద్దన్నానా? ఆరేళ్లలో ఒక్కసారి పేరడగొచ్చు కదండీ? నాదేమీ నోరు తిరగనంత పేరు కాదు." తన పేరు చెప్పింది. చిన్న పేరే.

లైనింగు కుట్టిస్తానని ఆయన చెయ్యి చాపారు. "వద్దు లెండి. నాకూ సూదీ దారం వచ్చు" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడక్కడ చీటీల మీద పేరుకి బదులు వరస అంకెలే ఉంటాయి. అందరినీ గౌరవిద్దాం అని గోడకి బోర్డు పెట్టారు. కొలతలు తీసేది కొత్తగా చేరిన మెత్తటి మాటల మనిషి. మాస్టారి బల్లని కిటికీ లేని వెనక గదిలోకి జరిపారు. గిరాకీల కంటపడకుండా ఉంటే మంచిదని యజమాని చాలా మర్యాదగా చెప్పాడు. ఆ గదిలో చెవిటోడు ఇంకా చెవిటోడే. నూట నలభై రెండు అంటే ఎలాంటి మనిషో, నడిస్తే ఏ భుజం జారుతుందో మాస్టారికి తెలియదు. కోట్లు సరిపోలేదని తిరిగి రావడం మొదలైంది. సోమవారం నుంచి ఇంట్లో విశ్రాంతి తీసుకోండన్నారు.

ఆఖరి శనివారం నేను వెళ్లేసరికి బూడిదరంగు బట్ట పరుచుకుని, అరచేత్తో ముడతలు సాపు చేస్తున్నారు. ఆ అమ్మాయి పేరు గుర్తుందా అని అడిగాను. చెయ్యి ఆగింది.

"గుర్తుందండీ. రోజూ ఓసారి పైకి అనుకుంటాను కూడా. అయినా ఇలా బట్ట మీద చెయ్యి వేశానంటే ముం... ముందొచ్చేది ఆ పాత మాటేనండీ. పేరు ఆ తర్వాతెప్పుడో వస్తుంది."