నీళ్లు రుచి చూడ్డానికి గురజాల

"మామయ్యా, నీ నాలుకతో పనుంది, ఒకసారి రా" అని మా మేనకోడలు స్వర్ణ ఫోన్ చేసింది. టీ విషయంలో నా చాదస్తం చుట్టాలందరికీ తెలుసు. దాన్ని ఒకరు గౌరవించడం మాత్రం ఇదే మొదలు. మర్నాడు ఉదయం ఆరున్నరకి నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను.

స్వర్ణ హైదరాబాదులో మంచి ఉద్యోగం మానేసి, గురజాల దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్లని కూడగట్టి, నీళ్లలో పళ్లనీ ఎముకల్నీ పాడుచేసే ఫ్లోరైడ్ తీసేసే ప్లాంటు పెట్టింది. ఊరికే ఇస్తే సేవ, లాభానికి అమ్మితే వ్యాపారం అనుకునేవాణ్ణి. ఈ పిల్ల మాత్రం మెషీను నడవడానికీ ఆ ఆడవాళ్ల జీతాలకీ సరిపోయేంతే తీసుకుంటుందట. దాన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారని చెప్పింది. పేరు బాగుంది అన్నాను.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దుమ్ము కిటికీలోంచి వచ్చి నా చొక్కా మీద కూర్చుంది. పక్క సీట్లో మస్తాన్ అనే మెకానిక్, ఒళ్లో పంపు మోటారుతో కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే, మేనకోడలి ప్లాంటు నీళ్లు రుచి చూడ్డానికని చెప్పాను.

"నీళ్లు తాగటానికి గురజాల పోతన్నారా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. "మా అత్తగారిది ఆ పక్కనే. నేను పోయినప్పుడల్లా నీళ్లు ఎంట తీసుకపోతా. ఆమెకి చానా కోపం."

గురజాలలో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదింటికల్లా పల్లె చేరాను. స్వర్ణ నన్ను ప్లాంటుకి కాక టీ కొట్టుకి నడిపించింది. కొట్టు నాగయ్యది. ప్లాంటు నీళ్లు చప్పగా ఉన్నాయని, టీ పాడవుతుందని ఆయనన్న మాటే ఊరంతా పట్టుకుంది. క్యాన్లు కొనేవాళ్లు లేరు.

"ఇలాగే ఉంటే మెషీను ఆపేయాల్సిందే మామయ్యా" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ల కింద నల్లగా ఉంది.

అందుకే పందెం. ఒక గ్లాసులో బోరు నీళ్ల టీ, ఇంకో గ్లాసులో ప్లాంటు నీళ్ల టీ. ఏది ఏదో నాకు చెప్పరు. ప్లాంటు టీ గెలిస్తే నాగయ్య కొట్టుకి క్యాన్లు వేయించుకోవాలి. ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లు చేతులు కట్టుకుని నా నోటివైపే చూస్తున్నారు.

రెండూ నిదానంగా తాగి, "రెండోది" అన్నాను.

అది బోరు నీళ్లది.

"ఈయన మీ సొంత మామయ్యేనా?" అని ఒకామె స్వర్ణని అడిగింది.

"ఇందాకటిదాకా" అంది స్వర్ణ.

చప్పగా ఉన్నదే బాగుందని అబద్ధం చెప్పొచ్చన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నాగయ్య పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఆ పళ్ల నిండా గోధుమరంగు చారలు. "ఎటూ మరగబెట్టేదే గదమ్మా, ఏమవుద్ది?" అన్నాడు.

"మరగబెడితే ఫ్లోరైడ్ పోదు బాబాయ్, ఇంకా చిక్కబడుద్ది" అని స్వర్ణ బల్ల మీద కూలబడింది. ఇంతలో నాగయ్య భార్య మనవరాలిని చంకనేసుకొచ్చింది. కొత్తగా వచ్చిన రెండు పాలపళ్లతో ఆ పిల్ల రస్కుని కొరుకుతోంది. పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి.

స్వర్ణ కాసేపు ఆ పిల్లనే చూసి, "టీ నీదే బాగుంది బాబాయ్, ఒప్పుకున్నాం. పాప టీ తాగదు గదా?" అంది.

నాగయ్య పాలు పొంగకుండా మంట తగ్గించాడు. గ్లాసులు కడిగాడు. కడిగినవే మళ్లీ కడిగాడు.

"మా ఇంటికో క్యాను ఎయ్యండి" అన్నాడు చివరికి. "కొట్టుకి మాత్రం వద్దు. ఎవురికీ చెప్పమాకండి."

చెప్పే పని ఎవరికీ పడలేదు, ఆయన భార్యే చెప్పేసింది. మధ్యాహ్నం స్వర్ణ వాళ్లింట్లో గోంగూర పచ్చడితో భోంచేసి ప్లాంటుకి వెళ్లేసరికి ముగ్గురు తల్లులు క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు. నాగయ్య ఇంట్లో తాగే నీళ్లు కావాలట. స్వర్ణ నన్ను క్షమించిందో లేదో గానీ, గురజాల దాకా తన స్కూటీ మీద దింపింది.

తిరుగు బస్సులో కిటికీ సీటే దొరికింది. స్వర్ణ చేసేది సేవో వ్యాపారమో నాకింకా తేలలేదు గానీ, మెషీను ఇప్పట్లో ఆగదని మాత్రం అనిపించింది. ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. టీ నాగయ్య కొట్లోనే తాగండి. దాహమేస్తే మాత్రం ఆయన ఇంటికెళ్లి అడగండి.