పన్నెండో పిల్ల

మా అబ్బా అల్లాబకాష్ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాడు. చేతిలో పనితనం ఉంది, తలలో బుద్ధే లేదు. ఎవరింట్లో పాము కనబడినా పట్టుకొచ్చి, కొండమీద వదలకుండా మా వెనకగదిలో కుండల్లో పెంచేవాడు. 1978లో నాగుపాముల జత ఒకటి ఉండేది. ఆడది గుడ్లు పెట్టింది. పన్నెండని మురిసిపోతూ చెప్పి, వాటిని పెద్ద బానలో రంపపు పొట్టు కింద దాచాడు.

అమ్మీ సుగ్రాబీకి ఆ గది అంటేనే వణుకు. "పిల్లపాములకి విషం ఉండదులేవే. కరిచినా చీమ కుట్టినట్టే" అని ఊరడించేవాడు. ఆమె నమ్మింది, నేనూ నమ్మాను.

ఒక ఉదయం మా రేకు పొయ్యిలోకి పొట్టు అయిపోయింది. గుడ్లు పగలడానికి ఇంకా పదిరోజులుందని అబ్బా అన్నాడు కదా అని, అమ్మీ బానలో పైపైన ఉన్న పొడి పొట్టు చేతులతోనే చేటకెత్తి పొయ్యిలో పోసింది. పక్కనే నా చెల్లెలు, పదినెలల మస్తాన్‌బీ, పాకుతూ ఆడుకుంటోంది.

కాసేపటికి అబ్బా బాన దగ్గరికి వెళ్ళాడు. గుడ్లన్నీ అప్పటికే పగిలి ఉన్నాయి. పిల్లల్ని కర్రతో ఒక్కొక్కటే కుండలోకి మార్చాడు. పదకొండే తేలాయి.

"సుగ్రా, ఇందులో పొట్టు తీసినావా?"

"పొయ్యిలో పోసినాను. ఏందంట?"

"బిడ్డను ఎత్తుకో! మంచమెక్కండి!"

అమ్మీ చెల్లిని లాక్కుని, నన్ను ఈడ్చుకుని మంచమెక్కింది. "విషం ఉండదన్నావే?" అంది.

అబ్బా వంగి కర్రతో మంచం కింద వెతకసాగాడు. పాముకంటే ఆయన కంగారు చూసి నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"చెప్పు! ఉండాదా, లేదా?"

"ఉండాది. పుట్టగానే ఉంటాది. నువ్వు భయపడతావని అట్లా చెప్పినాను."

ఇంకా వెలిగించని పొయ్యి బోర్లించాడు, పొట్టు తప్ప ఏమీ లేదు. చాపలు దులిపాడు, బియ్యం డబ్బా జరిపాడు. ఆత్మకూరు బస్సు వెళ్ళిపోయిన మోత వినిపించింది. ఇప్పుడు ఎవరినైనా కరిస్తే ఆసుపత్రికి ఎలా పోతామని నేను ఏడుపు మొదలుపెట్టాను. చివరికి పొయ్యి కింది ఇటుకల వెనక, చెల్లెలు ఆడుకున్న చోటికి జానెడు దూరంలో, చిటికెనవేలంత లావు పిల్ల పడగ విప్పి నిలబడి ఉంది. అబ్బా దాన్ని పట్టి కుండలో వేసి మూత బిగించాడు.

"దొరికింది సుగ్రా. ఇంక దిగండి."

అమ్మీ చెల్లిని ఇంకా గట్టిగా హత్తుకుంది. మంచం దిగలేదు.

"గుడ్లు పన్నెండేనని చెప్పింది కూడా నువ్వే గదా" అంది.