పిలగాని తల్లికి దక్కని సూది

మా అత్తకు నిమోనియా వచ్చింది. అదే వారం మా అమ్మకూ వచ్చింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు, సంతోషం. కానీ ఆ జబ్బు సంగతి అడిగితే మా అత్త దగ్గు గురించి గానీ, జ్వరం గురించి గానీ ఒక్క ముక్క చెప్పేది కాదు. "ఆడిపిల్ల తల్లికి సూది ఇచ్చిండ్రు, పిలగాని తల్లికి ఇయ్యలే" అనేది. ఆమె లెక్కలో అసలు జబ్బు అదే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటి ఏడాది సంగతి ఇది. ఊరూరా ఫ్లూ తిరుగుతోంది. నకిరేకల్‌లో మా అత్తగారింట్లో అందరికీ వచ్చి పోయింది. మా అత్తకు మాత్రం వచ్చింది గానీ పోలేదు. ముందు ముక్కు కారింది, తర్వాత ఒళ్లు నొప్పులు, ఆపైన పొడిదగ్గు. అది మెల్లమెల్లగా రొమ్ములోకి దిగి ఆయాసం పట్టుకుంది. కబురు తెలిసి మా అమ్మ బస్సెక్కి పరామర్శకు వచ్చింది.

వచ్చింది సరే, కుదురుగా కూర్చోవద్దా? మా అత్త ఉన్నచోట మా అమ్మ మంచం ఎక్కదు. నా పెళ్లయిన నాటి నుంచీ అంతే. పిల్లనిచ్చినవాళ్లు పిలగాని తల్లితో సమానంగా కూర్చుంటే మర్యాద తప్పుతుందట. బండల మీద కూర్చుని, తలెత్తి, "ఎట్లున్నది వదినె మీకు?" అని అడిగింది. వియ్యపురాళ్లు కదా, ఒకరినొకరు వదినె అనే అనుకునేవాళ్లు. కాకపోతే మా అత్తది 'నువ్వు', మా అమ్మది 'మీరు'. నాకు ఒళ్లు మండేది.

అమ్మ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. పొయ్యి ముందు జొన్న గట్క కలుపుతూ ఉన్నట్టుండి గజగజా వణకడం మొదలుపెట్టింది. గొంగడి కప్పినా వణుకే. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. కుడిపక్క రొమ్ములో పోటు, గట్టిగా ఊపిరి పీల్చాలంటే భయం. ఉమ్మితే తెమడ తుప్పు రంగులో ఉంది. మా మామ ఇద్దరినీ, తోడుగా నన్నూ నల్లగొండ పోయే వడ్ల లారీలో ఎక్కించాడు. కిటికీ పక్క జాగా మా అత్తది, అది అడగక్కర్లేదు.

దవాఖానలో ఇద్దరికీ పక్కపక్క మంచాలే దొరికాయి. పిలగాని తల్లి పక్కన మంచమెక్కాల్సి వచ్చినందుకు మా అమ్మ ఆ జ్వరంలోనూ సిగ్గుపడింది. డాక్టర్ ఇద్దరి రొమ్ముకూ వీపుకూ గొట్టం ఆనించి విన్నాడు, తెమడ చూశాడు, ఏదో రాసి పోయాడు. కాసేపటికి నర్సమ్మ సూది పట్టుకుని వచ్చింది. మా అత్త అప్పటికే పక్కకు ఒత్తిగిలి సిద్ధంగా ఉంది. నర్సమ్మ ఆమెను దాటిపోయి మా అమ్మకు సూది ఇచ్చింది. బంతిలో విస్తరి దాటేసి పక్క విస్తట్లో లడ్డు వేసినట్టయింది.

"ఓ నర్సమ్మా! నేనీడున్న. నాకేది?"

"మీకు లేదమ్మా."

"ఎందుకు లేదు? నేను పిలగాని తల్లిని!"

నర్సమ్మకు ఏం చెప్పాలో తోచక డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. ఆయన ఓపికగానే చెప్పాడు.

"దగ్గు ఒక్కతీరుగనే ఉన్నది గని అమ్మా, జబ్బులు రెండు. మీది ఫ్లూ వైరస్‌తోటి వచ్చింది. ముక్కుల మొదలై మెల్లగ రెండు దిక్కులకు దిగింది. దానిమీద పెన్సిలిన్ పనిచెయ్యది. మీ ఒళ్లే దాన్ని ఎల్లగొట్టాలె. నేను జ్వరానికి గోలీ ఇస్త, మీరు జావ తాగి పండుకోండ్రి. ఆమెది బాక్టీరియా. ఒక్కసారే వణుకు, ఒక్క దిక్కే పోటు, తుప్పు రంగు తెమడ. గా క్రిమిని పెన్సిలిన్ సంపుతది. సూది పడకుంటె ఆమె పానం మీదికొస్తది."

మా అత్తకు ఒకటే సందేహం. "ఇద్దరి పురుగులల్ల ఏది పెద్దది?"

"ఆమెదే. మీది శాన చిన్నది" అన్నాడు డాక్టర్. ఆయన చెప్పింది నిజమే, కానీ ఆ నిజం అప్పుడు చెప్పాలా?

"సూసినవా పిల్లా! పురుగు సుత మీ అమ్మకే పెద్దది!"

ఆయన పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. ఫ్లూ తగ్గుముఖం పట్టాక మళ్లీ జ్వరం తిరగబెడితే చెప్పాలి, వైరస్ వెనకాలే బాక్టీరియా కూడా చేరొచ్చు, అప్పుడు మా అత్తకూ సూదే అని. ఇక చూడండి! "పిల్లా, జర నా నొసలు పట్టి సూడు, తిరగబెట్టిందా?" అని గడియకోసారి ఆశగా అడిగేది.

ఇదంతా వింటూ పడుకున్న మా అమ్మ సాయంత్రం సూది రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వదినెకు లేంది నాకొద్దు."

నర్సమ్మ బతిమాలింది. డాక్టర్ కోప్పడ్డాడు. ఊహూ. నేను వంగి అడిగితే చెవిలో చెప్పింది. "నాకేమైతదే? నువ్వు గా ఇంట్ల ఉండాలె బిడ్డా. నేను సూది తీసుకుంటె జిందగంత నిన్ను దెప్పుతరు."

అంత చిన్న మాటకే ఆయాసపడింది. పెదాలు నల్లబడ్డాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. వెనక్కి తిరిగి మా అత్త మీద అరిచేశాను. అత్తగారింట నా గొంతు లేవడం అదే మొదటిసారి.

"అత్తా! మీ మర్యాద కోసం మా అమ్మ సచ్చిపోతాంది. జర కండ్లు పెట్టి సూడుండ్రి!"

మా అత్త చూసింది. దగ్గుకుంటూ, మంచం కోడు పట్టుకుంటూ లేచి వచ్చి నర్సమ్మ ముందు చెయ్యి చాపింది.

"గా మందు బుడ్డి ఇటియ్యి."

లోపల తెల్లటి పొడి, పైన రబ్బరు బిరడా. మూత తీయనిదే కదా అని డాక్టర్ సరేనన్నట్టు తలూపాడు. మా అత్త తన నుదుటి కుంకుమ వేలితో తీసి మా అమ్మకు బొట్టు పెట్టింది. బుడ్డిని ఆమె చేతిలో పెట్టింది.

"వదినె, గిది నా సూది. నేను నీకు పెడుతున్న. పిలగాని తల్లి పెట్టింది వద్దంటవా?"

మా అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దనను వదినె."

"మరి ఒత్తిగిలు."

ఆ తర్వాత ప్రతి బుడ్డీ ముందు మా అత్త చేతికి, అక్కడి నుంచి మా అమ్మ చేతికి, అప్పుడు నర్సమ్మకు. బొట్టు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. మా అమ్మకు చెమట పట్టి జ్వరం దిగింది. మా అత్త దగ్గు మాత్రం చాలా రోజులు సతాయించి దానంతటదే పోయింది. ఇంటికొచ్చాక ఆమె నకిరేకల్ అంతా తిరిగి చెప్పింది. "నా సూదులన్ని మా వదినెకే పెట్టిన."

ఆ తర్వాత పదేళ్లకు మా అత్తకు మళ్లీ జబ్బు చేసింది. ఈసారి ఒక్కసారే వణుకు, ఎడమపక్క పోటు. దవాఖానకు పోతూ దారిలో ఎక్కడా మూలగలేదు. "పిల్లా, తుప్పు రంగే గదా? మంచిగ సూసినవా?" అని నన్ను ఒకటే అడిగింది. అవునన్నాక గానీ నెమ్మదించలేదు.

మా అమ్మ కుంకుమ భరిణెతో సహా వచ్చింది. నర్సమ్మ దగ్గర బుడ్డి అడిగి తీసుకుని, మా అత్తకు బొట్టు పెట్టి ఇచ్చింది. "మీ సూది మీకే వదినె."

మా అత్త మురిసిపోతూ ఒత్తిగిలింది. సూది దిగింది. ఆ కేకకు వార్డంతా లేచి కూర్చుంది.

"ఓ అవ్వో! గింత నొస్తదని అప్పుడే చెప్పొద్దా వదినె?"

"పిలగాని తల్లికి ఎదురు చెప్తమా?" అంది మా అమ్మ.

మా అత్తకు నవ్వొచ్చింది, నవ్వితే పోటొచ్చింది, తిడుతూ మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు చూశాను. మా అమ్మ మంచం మీదే కూర్చుని ఉంది.