తఖియ్యా నేతి డబ్బా

యెమెన్ తీరాన మా తిహామాలో తెల్లారి లేచి అందరూ ఆకాశం చూస్తారు. తఖియ్యా గాలిని చూస్తుంది. ఈతాకు టోపీ సర్దుకుని, ముసుగు కొంగు గాలికి వదిలి, అది ఎటు ఎగిరితే అటు తలాడిస్తుంది. చంకలో సొట్టలు పడ్డ నేతి డబ్బా. మిడతల దండు దిగినప్పుడు దాన్ని ఆమెలా వాయించేవాళ్ళు ఊళ్ళో లేరు. నిరుడు అలా వాయించే తన జొన్నచేను దక్కించుకుంది. లేచిన దండు గాలివాటున పోయి, గట్టు అవతల అన్న నాషిర్ చేలో వాలింది. ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు.

ఈ ఏడు కంకులు పాలు పోసుకునే వేళ దండు మళ్ళీ ఆమె చేలోనే దిగింది. తఖియ్యా కొంగు వదిలి చూసింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడింది.

"కొట్టవేమే! చేతులు పడిపోయాయా?" అవతలి నుంచి నాషిర్ అరిచాడు.

"గాలి నీ వైపే ఉందన్నా," అంది.

నాషిర్ తన వైపు గట్టు మీద చతికిలబడ్డాడు. ఎండుటాకులు తొక్కుతున్నట్టు కంకులు నమిలే చప్పుడు ఇద్దరూ వింటూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆమె చేలో మోళ్ళు మిగిలాయి. అప్పుడు దండు, ఎవరూ డబ్బా కొట్టకుండానే, లేచి గట్టు దాటింది.