పది నిమిషాల మంచుకొండ

మేనత్తకు ఉన్న జబ్బు ఒక్కటే. తాను చేసిన బొమ్మ కరిగిపోయేలోగా లోకమంతా వచ్చి చూసెయ్యాలి. ఆమె చేసేవన్నీ మంచు బొమ్మలే కాబట్టి ఆ మేడలో అందరికీ ఎప్పుడూ పరుగే.

ఉద్యోగం కోసం వచ్చి ఆమె ఇంట్లో దిగిన మేనకోడలు తొలిరోజు పళ్ళు తోముకుంటోంది. స్నానాలగది తలుపు దబదబలాడింది.

"రావే! పది నిమిషాల్లో కరిగిపోతుంది!"

బ్రష్షు నోట్లో ఉండగానే పిల్ల వాకిట్లోకి పరుగెత్తింది. తెల్లగుడ్డ మీద దున్నపోతంత మంచుకొండ. ఉలితో చెక్కిన లోయలు, పగుళ్ళలో నీలిరంగు. ఎండ తగలగానే ఆ నీలం చుక్కలుగా జారి, గుడ్డ మీద ఏరులా పాకుతోంది. మేనత్త చప్పట్లు కొడుతూ దాని చుట్టూ తిరుగుతోంది.

"ఆ అంచు చూడు! పోతోంది, పోతోంది... అబ్బ, ఎంత బాగా పోయిందే!"

వయసులో ఉన్నప్పటి నుంచీ ఒక హిమానీనదాన్ని చూడాలని ఆమెకు ఆశ. వచ్చే ఏడు, ఆ పై ఏడు అనుకుంటూ తీరా వెళ్ళేసరికి మంచంతా కరిగి అక్కడ రాళ్ళే మిగిలాయి. "కాస్త ముందొస్తే బాగుండేదమ్మా" అన్నాడు దారి చూపించినవాడు. ఇంటికి రాగానే ఆమె ఐసు ఫ్యాక్టరీకి ఫోను కొట్టింది.

కింది అంతస్తు పళ్ళ డాక్టరు ఒకరోజు కుర్చీలో రోగిని పడుకోబెట్టి ఉండగా మేనత్త లోపలికి దూసుకెళ్ళింది.

"ఆయన నోరు తెరిచి ఉందమ్మా!"

"నోరు తర్వాత ముయ్యొచ్చు. ముందు కళ్ళు తెరవమనండి!"

ఇద్దరూ వచ్చారు, మెడలో తువ్వాలుతో సహా.

ప్రదర్శనశాల పెద్దమనిషి అద్దాల ఫ్రీజరు ఇస్తానన్నాడు. "ఇక కరగదండీ. జనం ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు."

"ఎప్పుడైనా అంటే ఎప్పటికీ రారు బాబూ" అని టీ ఇచ్చి సాగనంపింది.

పై అంతస్తు వయొలిన్ మాస్టారు మాత్రం లొంగలేదు. భార్య పోయాక ఆయన గుమ్మం దాటడం మానేశారు. మేనత్త ప్రతిసారీ ముందు బాదేది ఆయన తలుపే.

"మాస్టారూ, పదే నిమిషాలు!"

"కరగనివ్వండి!"

ఒక ఆదివారం ఆయనకు ఒళ్ళు మండింది. ఒక కాలికో రకం, ఇంకో కాలికో రకం చెప్పు తొడుక్కుని, గడియారం చేతబట్టుకుని దిగారు. పది నిమిషాలయ్యాయి. ఇరవై అయ్యాయి. కొండ కొండలాగే ఉంది.

"ఇంత అబద్ధమా!"

"ఇదిగో, ఇప్పుడే... ఇంకో పది!"

అదేదో తేలేదాకా కదలనని ఆయన భీష్మించుకున్నారు. డాక్టరు కుర్చీ తెచ్చాడు. మేనకోడలు టీ తెచ్చింది. నీలం ఎటు పారుతుందని మాస్టారికీ డాక్టరుకీ వాదన పడింది. మధ్యాహ్నానికి "మా ఆవిడకి నీలమంటే ప్రాణం" అన్నారు మాస్టారు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. గడియారం ఎక్కడ పెట్టారో కూడా మరిచిపోయారు.

పొద్దువాలాక తడిగుడ్డ పిండుతూ మేనకోడలు అడిగింది. "అత్తా, అంత మంచు సాయంత్రం దాకా ఉంటుందని నీకు తెలీదూ?"

"తెలీకేం?"

"మరి పది నిమిషాలని అందర్నీ పరుగులు పెట్టిస్తావేం?"

"తీరిగ్గా రండంటే ఎవరొస్తారే? ఆయనైతే అసలు రాడు."

అంటూనే ఫోను అందుకుంది.

"ఐసు ఫ్యాక్టరీయేనా? వచ్చే ఆదివారం రెండు దిమ్మలు పంపించండి... ఎందుకేమిటి? మాస్టారి కథ ఇవాళ వాళ్ళావిణ్ణి తొలిసారి చూసేదాకా వచ్చింది. పెళ్ళి దాకా రావాలంటే ఒక్క దిమ్మ ఏం చాలుతుందండీ!"