గిద్దలూరు టీవీలో జపాన్ గేమ్

తొంభైల చివర్లో ఒక టీవీ కంపెనీ నన్ను మార్కాపురం సర్వీస్ సెంటర్లో సర్వీస్ ఇంజనీరుగా వేసింది. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా అదే నా పని. టీవీ వెనక మూత విప్పే ఆడమనిషిని చూడడానికే కొందరు సెట్లు పాడుచేసుకుని వచ్చేవారేమోనని నా అనుమానం.

గిద్దలూరు డీలరు ఖాదర్ బాషా గారు ఒకే కలర్ టీవీని రెండుసార్లు పంపారు. కొన్న వెంకటరెడ్డి ఫిర్యాదు ఒకటే: వీడియో గేమ్ పెడితే బొమ్మ జారిపోతుంది, రంగు రాదు. నేను ప్యాటర్న్ జనరేటర్ తగిలించాను. తెర మీద రంగుల పట్టీలు వేసే పరీక్ష యంత్రం అది. పట్టీలు చక్కగా నిలబడ్డాయి. జాబ్ కార్డులో రెండుసార్లూ ‘లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

మూడోసారి బాషా గారే బస్సెక్కి వచ్చారు.

“ఇంకో కంప్లైంటు పడితే ఏజెన్సీ తీసేస్తామని పై ఆఫీసోళ్లు కాగితం పంపినారమ్మా. ఆ రెడ్డేమో బజార్లో నన్ను నకిలీ టీవీల బాషా అంటా ఉండాడు.”

మర్నాడు నేనే గిద్దలూరు వెళ్లాను. వెంకటరెడ్డి గుమ్మంలోనే అందుకున్నాడు.

“ఏందమ్మా, ఈసారి గూడా బాగుందని రాసిపోనీకి వచ్చినావా?”

“చూడకుండా రాసేదానికి ఇంత దూరం రావాల్నా అన్నా?” అన్నాను. అంతకుముందు రెండుసార్లు గేమ్ చూడకుండా నేను రాసింది సరిగ్గా అలాగే.

గేమ్ పెట్టెను ఓడలో పనిచేసే వెంకటరెడ్డి బావమరిది జపాన్ నుంచి తెచ్చాడు. అక్కడి కరెంటు వంద వోల్టులే కాబట్టి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు. కరెంటు సరిపోతే అన్నీ సరిపోతాయనుకున్నారు. సెట్టు రెండోసారి తిరిగొచ్చాక, వెనక ఉన్న, బొమ్మ జారకుండా ఆపే మర తిప్పి గేమ్ బొమ్మను నిలబెట్టారు. దాంతో దూరదర్శన్ జారడం మొదలైంది. వెంకటరెడ్డి భార్య సీరియల్‌కు ఒకవైపు, గేమ్‌కు ఇంకోవైపు రోజూ స్క్రూడ్రైవర్ తిప్పుతోంది.

“మీ పని నాకొచ్చేసింది. జీతం గూడా నాకే ఇప్పియ్యండి” అందామె.

మన ప్రసార పద్ధతి పాల్. తెర మీద బొమ్మ సెకనుకు యాభైసార్లు గీయబడుతుంది. జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, అక్కడ అరవైసార్లు. రంగు పంపే తీరూ వేరే. ఆ మోడల్‌కు పాల్ ఒక్కటే తెలుసు. నా పరీక్ష యంత్రానికీ అంతే. టీవీకి జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగి, నూటికి నూరు మార్కులు వేశానన్నమాట.

కస్టమర్ తప్పని రాసి మూసెయ్యమన్నాడు మా మేనేజరు. అలా మూస్తే సెట్టు మారదు, కంప్లైంటు బాషా గారి పేరు మీదే నిలిచిపోతుందని గంటసేపు వాదించాను. చివరికి నా రెండు కార్డుల మీదా ‘పరీక్ష అసంపూర్ణం, కస్టమర్ వాడే పరికరం చూడలేదు’ అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. తప్పు డీలరుది కాదు, సర్వీసు పరీక్షదని తేలడంతో సెట్టును రెండు పద్ధతులూ పట్టే మోడల్‌కు మార్చారు. ఏజెన్సీ నిలిచింది. నాకు మెమో వచ్చింది. దాని మీదా వాదించాను, గెలవలేదు.

ఆ తర్వాత ఏ సెట్టు వచ్చినా, మూత విప్పేముందు దానికి ఏం తగిలిస్తున్నారని అడిగేదాన్ని. చాలాసార్లు మూత విప్పాల్సిన పనే పడలేదు.